టాపెట్ గ్యాప్: మోటారు సైకిల్ ఇంజనులో వాల్వు క్లియరెన్స్‌ను ఇంటివద్ద సరిచూసుకోవడం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య ఖాళీ ఎందుకు ఉండాలో వివరించగలుగుతారు.
• ఆ ఖాళీ పెరగడానికీ, తగ్గడానికీ గల కారణాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఫీలర్ గేజ్‌తో ఖాళీని కొలిచి, సరిచేసే పద్ధతిని వరసక్రమంలో రాయగలుగుతారు.

1. పరిచయం

మెకానిక్ షెడ్డులో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "టాపెట్లు కొట్టుకుంటున్నాయి, కాస్త బిగించు." శబ్దం పోతే ఇంజను బాగుపడినట్లే అని చాలామంది భావిస్తారు. ఇది సరైన అభిప్రాయం కాదు. టకటకమని శబ్దం చేసే వాల్వు కంటే, ఉండవలసిన ఖాళీని కోల్పోయి నిశ్శబ్దంగా పనిచేసే వాల్వే ఇంజనుకు ఎక్కువ హాని చేస్తుంది. దీనికి కారణం ఉష్ణ వ్యాకోచంలో ఉంది.

ఈ భాగంలో మనం 100 సి.సి. తరగతి ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. 1985లో మన దేశంలో విడుదలైన హీరో హోండా సిడి 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈ తరగతికి చెందినవే. వీటిలో ఒకే సిలిండర్, ఒక ఇన్‌టేక్ వాల్వు, ఒక ఎగ్జాస్ట్ వాల్వు ఉంటాయి. సిలిండర్ హెడ్‌లో తిరిగే క్యామ్ షాఫ్ట్ రాకర్ ఆర్మ్‌లను కదిలిస్తుంది. అవి వాల్వులను నొక్కి తెరుస్తాయి. స్ప్రింగులు వాల్వులను తిరిగి మూస్తాయి. రాకర్ ఆర్మ్ చివర ఒక సర్దుబాటు స్క్రూ, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ ఉంటాయి. వాల్వు మూసుకొని ఉన్నప్పుడు ఈ స్క్రూకూ, వాల్వు కాడ కొనకూ మధ్య ఉండే సన్నని సందునే వాల్వు క్లియరెన్స్ లేదా టాపెట్ గ్యాప్ అంటారు.

2. ఖాళీ ఎందుకు అవసరం?

ఉక్కును ఒక డిగ్రీ సెల్సియస్ వేడిచేస్తే, దాని పొడవు ప్రతి మిల్లీమీటరుకూ సుమారు 0.000012 మి.మీ. పెరుగుతుంది. 70 మి.మీ. పొడవున్న ఉక్కు వాల్వు ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగిందనుకోండి:

70 × 0.000012 × 100 = 0.084 మి.మీ.

ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఇలాంటి ఇంజన్లలో టాపెట్ గ్యాప్ కూడా దాదాపు ఇదే స్థాయిలో, మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పనిచేసే ఇంజనులో వాల్వు వేడి 100 డిగ్రీల కంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. అయితే దానితోపాటు సిలిండర్ హెడ్ కూడా వ్యాకోచిస్తుంది. కాబట్టి చివరికి మిగిలే ఖాళీ ఈ భాగాల వ్యాకోచాల మధ్య తేడాపై ఆధారపడుతుంది. తయారీదారు ఈ తేడాను లెక్కలోకి తీసుకొనే చల్లని ఇంజనుకు తగిన కొలతను నిర్ణయిస్తాడు.

ఖాళీ బొత్తిగా లేకపోతే, వేడెక్కిన వాల్వు తన సీటుపై పూర్తిగా కూర్చోలేదు. దీనివల్ల రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది, సంపీడనం తగ్గుతుంది. బండి తేలికగా స్టార్ట్ కాదు, లాగదు. రెండోది మరింత తీవ్రమైనది. వాల్వు తలకు తగిలే వేడిలో ఎక్కువ భాగం, అది సీటును ఆనుకొని ఉన్నప్పుడే సిలిండర్ హెడ్‌లోకి పోతుంది. ఆ ఆనిక లేకపోతే వేడి పోయే దారి మూసుకుపోతుంది. పైగా మండుతున్న వాయువులు ఆ సన్నని సందులోంచి దూసుకుపోతాయి. క్రమంగా వాల్వు అంచు కాలిపోతుంది. ఈ ప్రమాదం ఎగ్జాస్ట్ వాల్వుకు ఎక్కువ. అప్పుడు కొత్త వాల్వు వేయించి, హెడ్ పని చేయించుకోవలసి వస్తుంది.

3. ఖాళీ పెరగడం, తగ్గడం

ఇంజను నిమిషానికి 6000 సార్లు తిరుగుతుంటే, ప్రతి వాల్వు నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. ఇన్ని తాకిడుల వల్ల అరుగుదల తప్పదు. అది ఎక్కడ జరిగిందనే దాన్నిబట్టి ఫలితం మారుతుంది.

(అ) క్యామ్, రాకర్ ఆర్మ్ లేదా స్క్రూ కొన అరిగితే ఖాళీ పెరుగుతుంది. శబ్దం వస్తుంది. వాల్వు కాస్త ఆలస్యంగా తెరుచుకొని, ముందుగా మూసుకుంటుంది.

(ఆ) వాల్వు ముఖం, సీటు అరిగితే వాల్వు పైకి జరిగి రాకర్ ఆర్మ్‌కు దగ్గరవుతుంది. ఖాళీ తగ్గుతుంది. శబ్దం రాదు.

మొదటి లోపం తనంతట తానే బయటపడుతుంది. రెండోది కొలిస్తేనే తెలుస్తుంది. అందువల్ల చెవి మీద ఆధారపడక, సర్వీసు పుస్తకంలో చెప్పిన దూరానికి ఒకసారి గేజ్‌తో కొలవాలి.

4. కావలసినవి, ముందు జాగ్రత్తలు

ఫీలర్ గేజ్, తగిన పానాలు, స్పార్క్ ప్లగ్ పానా, సర్దుబాటు స్క్రూను తిప్పే సాధనం, శుభ్రమైన గుడ్డ సిద్ధం చేసుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన బండినే కొలవాలి. సెంటర్ స్టాండ్ వేసి, తాళం ఆపి, న్యూట్రల్‌లో ఉంచండి. మూతలు విప్పకముందే వాటి చుట్టూ ఉన్న దుమ్మును తుడవండి. మీ బండి పుస్తకంలోని కొలతను రాసి పెట్టుకోండి. రెండు వాల్వులకు వేర్వేరు కొలతలు ఉండవచ్చు. పక్కవారి బండి కొలత మీ బండికి పనికిరాదు.

5. పద్ధతి

1. స్పార్క్ ప్లగ్‌ను తీయండి. దీనివల్ల ఇంజనును చేతితో తిప్పడం తేలికవుతుంది.
2. రెండు టాపెట్ మూతలనూ, ఎడమ వైపు కవరు మీది రెండు చిన్న మూతలనూ విప్పండి. వాటిలో ఒకదానిలోంచి క్రాంక్ షాఫ్ట్ నట్, మరొకదానిలోంచి ఫ్లైవీల్ గుర్తు కనిపిస్తాయి.
3. క్రాంక్ షాఫ్ట్‌ను ఎడమ వైపు నుంచి చూసినప్పుడు అపసవ్య దిశలో నెమ్మదిగా తిప్పుతూ, ఫ్లైవీల్ మీది 'టి' గుర్తును కవరు మీది గుర్తుకు ఎదురుగా తీసుకురండి. ఇప్పుడు పిస్టన్ అన్నిటికంటే పైన ఉంటుంది.
4. రెండు రాకర్ ఆర్మ్‌లనూ వేళ్లతో కదిపి చూడండి. రెండూ కొద్దిగా ఆడితే అది సంపీడన ఘాతం చివర. బిగుతుగా ఉంటే అది ఎగ్జాస్ట్ ఘాతం చివర కావచ్చు. ఇంజనును సరిగ్గా ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడండి. ఈ మెట్టును వదిలేసి సరిచేస్తే, వాల్వు తెరుచుకొని ఉన్న స్థితిలో కొలిచినట్లవుతుంది.
5. పుస్తకంలో చెప్పిన మందం గల రేకును సందులోకి జొప్పించండి. అది స్వల్పమైన పట్టుతో జరగాలి. ఉదాహరణకు కొలత 0.08 మి.మీ. అయితే ఆ రేకు దూరాలి, 0.10 రేకు దూరకూడదు.
6. తేడా ఉంటే లాక్ నట్‌ను వదులు చేసి, రేకును సందులోనే ఉంచి స్క్రూను తిప్పండి. తరవాత స్క్రూను కదలకుండా పట్టుకొని లాక్ నట్ బిగించండి.
7. మళ్లీ కొలవండి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరగడం సాధారణం.
8. ఇంజనును రెండు పూర్తి చుట్లు తిప్పి, మరోసారి కొలిచిన తరవాతే మూతలు బిగించండి.

గమనిక: కొలత సరిగా ఉన్నా శబ్దం వస్తుంటే స్క్రూను బిగించవద్దు. కారణం క్యామ్ చెయిన్ కావచ్చు, అరిగిన రాకర్ ఆర్మ్ కావచ్చు. ప్రతి సర్వీసుకూ ఖాళీ తగ్గుతూనే ఉంటే సీటును మెకానిక్‌కు చూపించండి. ఇందుకోసం కొలతలను తేదీతో, కిలోమీటర్లతో ఒక పుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు.

6. ఇతర ఇంజన్లు

ఈ పద్ధతి అన్ని బండ్లకూ వర్తించదు. పాత పోత ఇనుము ఇంజను బుల్లెట్‌లో, చల్లని స్థితిలో పుష్ రాడ్ వేళ్లతో తేలికగా తిరగాలి, కాని పైకీ కిందికీ ఆడకూడదు. హైడ్రాలిక్ టాపెట్లున్న ఇంజన్లలో ఖాళీని చేతితో సరిచేయవలసిన పని లేదు. షిమ్‌లు వాడే ఇంజన్లలో స్క్రూ ఉండదు. తగిన మందం గల షిమ్ మార్చాలి.

7. సారాంశం

వాల్వు క్లియరెన్స్ అనేది వ్యాకోచానికి ముందుగా కేటాయించిన చోటు. అది ఎక్కువైతే శబ్దం వస్తుంది, పనితీరు తగ్గుతుంది. తక్కువైతే శబ్దం లేకుండానే వాల్వు కాలిపోవచ్చు. చల్లని ఇంజను, సంపీడన ఘాతం చివర, పుస్తకంలోని కొలత: ఈ మూడింటిలో ఏది తప్పినా సర్దుబాటు తప్పుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వాల్వు సీటు అరిగితే ఖాళీ పెరుగుతుందా, తగ్గుతుందా?
2. పిస్టన్ పైన ఉన్నా రాకర్ ఆర్మ్‌లు బిగుతుగా ఉంటే ఏమి చేయాలి?
3. లాక్ నట్ బిగించిన తరవాత మళ్లీ ఎందుకు కొలవాలి?

జవాబులు: 1. తగ్గుతుంది. 2. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. 3. నట్‌తోపాటు స్క్రూ తిరిగి ఖాళీ మారవచ్చు కాబట్టి.