వ్యాపార ప్రయాణంలో స్మార్ట్‌ఫోన్: ల్యాప్‌టాప్ అవసరం ఎక్కడ మిగిలింది?

కాప్రా, కుషాయిగూడ వైపు ఉండేవారికి ఈసీఐఎల్ అనగానే ముందు గుర్తొచ్చేది చౌరస్తా, ఆ తరువాతే సంస్థ. 1967లో ఏర్పడిన ఆ ప్రభుత్వరంగ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. దానిని వెంట తీసుకుపోవడమన్న ఆలోచనే అప్పట్లో లేదు. మనిషే పని పట్టుకొని యంత్రం దగ్గరకు వెళ్లేవాడు. నేడు అదే చౌరస్తాలో బస్సు కోసం నిలబడినవారి జేబులో దానికంటే ఎన్నో రెట్లు శక్తిగల యంత్రం ఉంటోంది. అందువల్ల ‘ఫోను ఉండగా ఊరికి ల్యాప్‌టాప్ ఎందుకు మోయాలి?’ అనే ప్రశ్న సహజమే.

ఈ ప్రశ్నకు జవాబును ఫోను ధరలోనో, దాని వేగంలోనో వెతకవద్దు. మీరు ప్రయాణంలో చేసే పనులను ఒక్కొక్కటిగా తీసుకొని, ఏ పని ఫోనులోనే పూర్తవుతుంది, ఏది సగంలో ఆగిపోతుంది అని చూడాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. చర్లపల్లి పారిశ్రామికవాడలో యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. అది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నమోదైంది. దాని యజమానురాలు ఆర్డర్ల కోసం రెండు రోజుల పని మీద సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళుతున్నారు.

ఫోనులో పూర్తయ్యే పనులు

టికెట్టు, హోటలు గది, దారి చూపే మ్యాపు, చెల్లింపులు, ఈ-మెయిళ్లు చదివి చిన్న జవాబులివ్వడం వంటి వాటి గురించి ఇక్కడ వివరించనక్కరలేదు. కొన్ని పనుల్లో ఫోనే మెరుగు. కొనుగోలుదారు చూపిన పాత భాగాన్ని అక్కడికక్కడే ఫొటో తీసి వర్క్‌షాపులోని మేస్త్రీకి పంపి, ‘ఇది మనవల్ల అవుతుందా?’ అని అడగడం ల్యాప్‌టాప్‌తో కుదిరే పని కాదు. తెలుగులో రాయడమూ అంతే. ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోనివారు కూడా ఫోనులో మాట్లాడో, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టో తెలుగు సందేశాలు పంపగలుగుతున్నారు.

ప్రభుత్వ పనుల్లో కూడా కొన్ని ఫోనులోనే అయిపోతాయి. 50,000 రూపాయలకు మించిన సరుకును రవాణా చేయాలంటే సాధారణంగా ఈ-వే బిల్లు కావాలి. దీనిని యాప్‌లో తీయవచ్చు. మొబైల్ నంబరును ముందుగా పోర్టల్‌లో నమోదు చేసుకొని ఉంటే ఎస్సెమ్మెస్ ద్వారా కూడా తీయవచ్చు. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు లేదా అందులో భాగానికి ఒక రోజు గడువు లభిస్తుంది. కాబట్టి 600 కిలోమీటర్లు దాటిన విశాఖ దారికి నాలుగు రోజులు. యజమానురాలు రైల్లో కూర్చొనే లారీని బయలుదేరదీయవచ్చు.

పని ఆగిపోయే చోటు

విశాఖలో కొనుగోలుదారు నలభై రకాల భాగాల జాబితా ఇచ్చి, సాయంత్రంలోగా కొటేషన్ పంపమన్నారనుకోండి. ఇప్పుడు ఒక పక్క డ్రాయింగు, ఒక పక్క ముడిసరుకు ధరలు, మధ్యలో తన లెక్కల షీటు ఉండాలి. 6.5 అంగుళాల ఫోను తెర వైశాల్యం సుమారు 16 చదరపు అంగుళాలు. 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెరది 84కు అటూ ఇటూ, అంటే ఐదు రెట్లకు పైనే. పైగా టైపు చేయడం మొదలుపెట్టగానే ఫోను తెరలో చాలా భాగాన్ని కీబోర్డు ఆక్రమిస్తుంది. ఒక వరుసలో ధర మారిస్తే మొత్తం ఎంత మారిందో చూడటానికి పైకీ కిందకీ జరుపుకుంటూ పోవాలి. ఇది అసౌకర్యం మాత్రమే కాదు. కొటేషన్‌లో ఒక సున్నా తప్పితే నష్టపోయేది అమ్మేవారే.

ఈ ఇబ్బందికి పరిష్కారాలు వెతికినవారున్నారు. 2011లో మోటరోలా కంపెనీ ఎట్రిక్స్ ఫోనును తెర, కీబోర్డు ఉన్న ఒక డొల్ల ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే ఏర్పాటు తెచ్చింది. 2015లో మైక్రోసాఫ్ట్ ‘కంటిన్యువమ్’, 2017లో శామ్‌సంగ్ ‘డెక్స్’ అదే దారిలో వచ్చాయి. ఫోనును పెద్ద తెరకు కలిపి, బ్లూటూత్ కీబోర్డు జోడిస్తే కొటేషన్ పని సాఫీగానే సాగుతుంది. అయితే యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్న ప్రతి ఫోనూ చిత్రాన్ని బయటి తెరకు పంపలేదు. చవక ఫోన్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. కొనేముందు ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి.

తెర సమస్య తీరినా సంతకం సమస్య మిగులుతుంది. సొంత పేరుతో వ్యాపారం చేసేవారు జీఎస్టీ రిటర్నును ఫోనుకు వచ్చే ఓటీపీతో ధ్రువీకరించవచ్చు. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు మాత్రం డిజిటల్ సంతకం చేయాలి. పెన్‌డ్రైవ్‌లాంటి టోకెన్‌లో ఉండే ఆ సంతకాన్నే ప్రభుత్వ టెండరు పోర్టళ్లు కూడా అడుగుతాయి. అది పనిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేరు మామూలుగా కంప్యూటరు కోసం తయారైనది. మన ఉదాహరణలోని యజమానురాలి ఫోను ఎంత ఖరీదైనదైనా టెండరు చివరి గంటలో అది ఇక్కడే ఆగిపోతుంది.

చాలామంది దీనికి ఒక అడ్డదారి పాటిస్తారు: టోకెన్‌ను, దాని పాస్‌వర్డును ఆఫీసు గుమాస్తాకు అప్పగించి వెళతారు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం సంతకపు రహస్య తాళంచెవిని తన అదుపులో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవలసినది సంతకం ఎవరిదో వారే. గుమాస్తా మంచివాడా కాదా అన్నది వేరే సంగతి. ఖాళీ చెక్కులన్నింటిపైనా సంతకం పెట్టి ఊరెళ్లేవారు తక్కువ. టోకెన్ దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకో సడలుతుంది.

తెలుగు వ్యాపారులకు మరో చిన్న చిక్కు కూడా ఉంది. మన ప్రెస్సులలో కరపత్రాలు, క్యాలెండర్లు ఇప్పటికీ చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ఫైలును నేరుగా ఫోనులో తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ప్రూఫును పీడీఎఫ్‌గా పంపమని ప్రెస్సువారికి ముందే చెప్పండి.

అన్నీ ఒకే పరికరంలో ఉంటే

ల్యాప్‌టాప్ మానేసినవారికి టికెట్టు, బ్యాంకు, ఓటీపీ, చిరునామాలు, ఫైళ్లు అన్నీ ఒకే పరికరంలో ఉంటాయి. అది స్టేషనులో పోయిందనుకుందాం. డూప్లికేట్ సిమ్ ఆ పూటే దొరకవచ్చు. కానీ మోసాలను అరికట్టడానికి, సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు నిలిపివేస్తారు. అంటే మరుసటి రోజు వరకు బ్యాంకు ఓటీపీ రాదు. రెండు రోజుల ప్రయాణంలో ఒక రోజు పోయినట్లే. పోయిన ఫోనును సంచార్ సాథీ పోర్టల్ ద్వారా బ్లాక్ చేయించే సదుపాయం ఉంది; అది దొంగ చేతిలో ఫోనును పనికిరాకుండా చేస్తుందేగాని మీ పనిని ముందుకు నడపదు. అందువల్ల ఫోను మీదే ఆధారపడేవారు కొంత నగదు, ఒక కార్డు, ముఖ్యమైన నంబర్లు రాసిన కాగితం విడిగా మరో సంచిలో ఉంచుకోవాలి.

చార్జింగు సంగతి కూడా ముందే చూసుకోవాలి. పవర్‌బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌దైతే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు. విమానంలో అనుమతి అడగకుండా తీసుకువెళ్లగల 100 వాట్-అవర్ల పరిమితికి అది లోపలే ఉంటుంది. అయితే దానిని చేతిసంచిలోనే ఉంచుకోవాలి, లోపల వేసే సామానులో పెట్టనివ్వరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీరు లేదా మీకు తెలిసిన వ్యాపారి గత నెలలో చేసిన ఒక ప్రయాణాన్ని తీసుకొని, అందులో జరిగిన పనులన్నీ రాయండి. ప్రతి పని ఎదుట ‘చూడటం’, ‘తయారుచేయడం’, ‘సంతకం’ అనే మూడింటిలో ఒకటి గుర్తించండి. ‘తయారుచేయడం’, ‘సంతకం’ అని గుర్తించిన పనుల్లో తిరిగి వచ్చేదాకా ఆపగలిగినవి ఎన్ని? ఆపలేనిది ఒక్కటైనా ఉంటే, దానిని ఫోనుతో ఎలా పూర్తిచేయవచ్చో ఐదు వాక్యాలలో వివరించండి.