అనంత స్పర్శరేఖ – అంతరఖండం – ఒక సంవర్గమాన ప్రమేయం

గణితశాస్త్రం పరీక్షలకే గాని లోకవ్యవహారానికి పనికిరాదన్న మాట విద్యార్థులలో తరచు వినవస్తుంది. ఈ అపోహను తొలగించడానికి మనం దూరం పోనవసరం లేదు. 2016 వరకు ఖమ్మం జిల్లాలో భాగమై, నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది.

మట్టాన్ని కొలబద్ద చెబుతుంది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు, అనగా ఎన్ని క్యూసెక్కులు, సాగిపోతున్నదో అది చెప్పదు. ఉధృతమైన వరదలో ప్రవాహాన్ని కొలవడం మిక్కిలి కష్టం. అందుచేత జలశాస్త్రజ్ఞులు వీలైనప్పుడు కొన్ని కొలతలు తీసికొని, మట్టానికీ ప్రవాహానికీ గల సంబంధాన్ని ముందుగానే ఒక వక్రరేఖగా గీసి ఉంచుతారు. ఆ వక్రరేఖ వెనుక ఉన్నది మన పాఠ్యపుస్తకాలలోని సంవర్గమాన ప్రమేయమే.

మట్టాన్ని ఎక్స్ అనుకొందాం. ప్రవాహం ఆగిపోయే మట్టం హెచ్. కొలబద్ద సున్న వద్దనే ప్రవాహం ఆగాలన్న నియమం లేదు గనుక హెచ్ సున్న కానవసరం లేదు. ప్రవాహం సాధారణంగా (ఎక్స్ − హెచ్) యొక్క ఒక ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉభయ పక్షాలకు 10 ఆధారంగా సంవర్గమానం తీసికొని, ప్రవాహపు సంవర్గమానాన్ని వై అంటే,

వై = ఏ లాగ్ (ఎక్స్ − హెచ్) + కె

అని వస్తుంది. ధనసంఖ్యలకే సంవర్గమానం ఉంటుంది. ఎక్స్ విలువ హెచ్‌ను సమీపించేకొద్దీ వక్రరేఖ అంతులేకుండా క్రిందికి దిగుతుందే గాని ఎక్స్ = హెచ్ అనే నిలువు గీతను తాకదు. ఆ గీతయే అనంత స్పర్శరేఖ. నదీభాషలో చెప్పాలంటే, అది ప్రవాహం నిలిచిపోయే మట్టం.

సమీకరణంలో ఏ, హెచ్, కె అని మూడు స్థిరాంకాలున్నాయి. కావున మూడు విషయాలు తెలియాలి. సులభంగా ఉండేందుకు ఒక వాగును ఊహించుకొందాం. ఈ అంకెలు కల్పితాలు. అనంత స్పర్శరేఖ ఎక్స్ = 10; కనుక హెచ్ = 10. ఎక్స్ అక్షంపై అంతరఖండం 10.2, అనగా ఆ మట్టం వద్ద ప్రవాహం 1 క్యూసెక్కు, దాని సంవర్గమానం 0. అప్పుడు 0 = ఏ లాగ్ 0.2 + కె. కె విలువను ప్రతిక్షేపిస్తే,

వై = ఏ లాగ్ 5(ఎక్స్ − 10)

ఇక్కడనే చాలమంది విద్యార్థులు ఏ = 1 అని తలచి లెక్క ముగిస్తారు. అది తొందరపాటు. ఏ విలువ ఎంతైనా ఈ వక్రరేఖ 10.2 గుండా పోతుంది. అట్టి వక్రరేఖలు అనంతం. ఆధారం 10కి బదులు 2 తీసికొన్నా ఏ విలువ మారుతుందే గాని వక్రరేఖ మారదు. కావున మూడవ కొలత ఒకటి తప్పదు. 12 అడుగుల వద్ద ప్రవాహం 100 క్యూసెక్కులనుకొందాం. అప్పుడు వై = 2; కుడివైపున లాగ్ 10, అనగా 1. కనుక ఏ = 2. ప్రవాహం 25(ఎక్స్ − 10)² అని తేలింది. 14 అడుగుల వద్ద 400, 18 అడుగుల వద్ద 1600 క్యూసెక్కులు.

అనంత స్పర్శరేఖయే తెలియనప్పుడు? నదుల విషయంలో తరచు జరిగేది ఇదే. 1614లో జాన్ నేపియర్ లోకానికి అందించిన సంవర్గమానాల మహిమ ఇక్కడ కనబడుతుంది. 100, 400, 1600 గుణశ్రేఢిలో ఉన్నవి గనుక వాటి సంవర్గమానాలు అంకశ్రేఢిలో ఉంటాయి. అందువలన (ఎక్స్ − హెచ్) విలువలు గుణశ్రేఢిలో ఉండాలి. కాబట్టి

(14 − హెచ్)² = (12 − హెచ్)(18 − హెచ్)

విస్తరిస్తే 196 − 28 హెచ్ = 216 − 30 హెచ్; హెచ్ = 10. ఎవరూ చూడని మట్టం మూడు కొలతలతో బయటపడింది.

అయితే సూత్రానికి హద్దులున్నాయి. భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. శబరికి కూడ వరద వస్తే గోదావరి నీరు వెనుకకు తన్నుతుంది. అదే మట్టానికి ప్రవాహం తక్కువగా ఉండవచ్చు. కొలిచిన మట్టాలను దాటి వక్రరేఖను పొడిగించినప్పుడు కూడ జాగరూకత అవసరం. లెక్కలో ఒక స్థిరాంకాన్ని ఊహించి వేస్తే పరీక్షలో పోయేవి రెండు మార్కులు. నది ఒడ్డున అట్లే ఊహించి వేస్తే ఏరు దాటి ఎత్తైన చోటికి చేరవలసిన అడవి అంచు పల్లెలకు వ్యవధి తప్పిపోవచ్చు.

ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా ఈ వక్రరేఖ ఒక్కటే. తెలిసినవి ఎన్ని, తెలియవలసినవి ఎన్ని అని ముందుగా లెక్కించుకొని, ఆ పిమ్మటనే సమాధానం వ్రాసే అలవాటును మన విద్యార్థులు అలవరచుకోవాలని మా ఆకాంక్ష.