పాత స్ప్రేయర్ ఇంజనుతో రిమోట్ గడ్డి మిషన్: ఆటోనగర్ సామానుతో ఎలా కట్టామంటే

పోయిన వీడియోలో మా నిమ్మ చెట్ల మధ్య మనిషి లేకుండా తిరుగుతున్న గడ్డి మిషన్ ఓ అర నిమిషం కనిపించింది. అసలు ఆ వీడియో ఘనజీవామృతం గురించి. కానీ వచ్చిన ఫోన్లన్నీ మిషన్ గురించే. "ఎంతకు కొన్నావు తమ్ముడూ, ఎక్కడ దొరుకుద్ది?" అని. అది కొన్నది కాదండీ, విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను ఏరుకొచ్చి కట్టింది. ఎలా కట్టామో పై వీడియోలో చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం చాలని లెక్కలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంత తంటాలు ఎందుకో చెప్పాలి. మన డెల్టాలో ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్లు వదిలి, పైన నాలుగు వానలు పడ్డాయంటే గరిక, తుంగ, వయ్యారిభామ పోటీలు పడి లేస్తాయి. మందు కొట్టే రైతుకు అది ఒక పూట పని. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా గట్ల మీద ఎర్రగా మాడిపోయిన గడ్డి మీకూ కనిపిస్తూనే ఉంటుంది, నేను చెప్పక్కర్లేదు. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి రెండో ఏడో మూడో ఏడో వెనక్కి వెళ్లిపోయినవాళ్లను అడగండి. పురుగు గురించి చెప్పేవాళ్ల కంటే గడ్డి గురించి చెప్పేవాళ్లే ఎక్కువ. మా దగ్గర బ్రష్ కట్టరుతో వచ్చే మనిషికి రోజుకు 1,200 ఇస్తున్నాం, పెట్రోలు మనదే. ఆ మనిషి కూడా మనం పిలిచిన రోజున రాడు, ఊళ్లో నాట్లు అయిపోయాక వస్తాడు. అప్పటికి గడ్డి మోకాళ్లు దాటి విత్తనం రాల్చేస్తుంది. మా నాన్నే ఒకసారి అన్నాడు, "ఒరేయ్, ఈ ఒక్కసారికి కొట్టేద్దాం, ఎవరు చూడొచ్చారు?" అని. ఆయన మోకాళ్ల నొప్పులు తెలిసినవాణ్ణి కాబట్టి ఆ మాటకు నాకు కోపం రాలేదు. కానీ అక్కడే తేలిపోయింది, గడ్డి సంగతి చూడకపోతే తోట ప్రకృతి వ్యవసాయంలో నిలవదని.

రెండోది పాములు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత పెరిగాయంటే మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేశారు, గుర్తుండే ఉంటుంది. కట్లపాము, రక్తపింజర మనకు కొత్త కాదు. నడుము ఎత్తు గడ్డిలో బ్రష్ కట్టరు పట్టుకుని దిగే మనిషికి ఆ మోతలో బుస వినపడదు, ముఖానికి షీల్డు ఉంటే కాళ్ల దగ్గర ఏముందో కనపడదు. మిషన్ ముందు, మనిషి 15 మీటర్ల వెనక ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఈ ఆలోచన మనం కనిపెట్టింది కాదు. పాత ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ మోటార్లతో కట్టిన రిమోట్ గడ్డి మిషన్ అమెరికాలో మేక్ అనే పత్రికలో 2010లోనే వచ్చింది. వాళ్లకు అది ఇంటి ముందు లాన్ కోసం. మనకు తుంగ, కొబ్బరి మట్టలు, బురద. అందుకే వాళ్ల డిజైను దించేస్తే పనికిరాదు, మన నేలకు తగ్గట్టు మార్చుకోవాలి. వీల్‌చెయిర్ మోటార్లు మనకు తుక్కులో దొరకవు, లారీ వైపర్ మోటార్లు కావలసినన్ని దొరుకుతాయి.

పటమట దాటి ఆటోనగర్‌లోకి వెళ్తే లారీ మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా కొనొచ్చు. పాత సామాను కొట్టాయన "ఏ బండికి తమ్ముడూ?" అని అడిగాడు. "బండికి కాదన్నా, గడ్డి కొయ్యడానికి" అంటే ఓసారి ఎగాదిగా చూసి, లోపలి నుంచి ఐదారు మోటార్లు తెచ్చి బల్ల మీద పడేశాడు. "బ్యాటరీ పెట్టి చూసుకో, మోత లేనివి తీసుకుపో" అన్నాడు. అదే పద్ధతి. 24 వోల్టుల లారీ వైపర్ మోటారు తీసుకోండి, కారుది ఈ బరువును లాగలేదు. బ్యాటరీ పెట్టినప్పుడు రెండు మోటార్లూ ఒకే వేగంతో తిరుగుతున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే మిషన్ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

వైపర్ మోటార్లో వార్మ్ గేరు ఉంటుంది. దానివల్ల మనకో లాభం ఉంది. కరెంటు ఆపితే చక్రం అక్కడే బిగుసుకున్నట్టు ఆగుతుంది, గట్టు వాలు మీద మిషన్ వెనక్కి జారదు. మేం తీసుకున్నవి నిమిషానికి 50 చుట్ల దాకా తిరుగుతాయి. దాన్ని సైకిలు చైనుతో సగానికి తగ్గించాం. మోటారు దగ్గర 22 పళ్ల ఫ్రీవీలు, చక్రం దగ్గర 44 పళ్ల చైన్‌వీలు. వేగం సగమైతే లాగే బలం రెట్టింపు. ఫ్రీవీలును మాత్రం వెల్డింగుతో లాక్ చేయించాలి, లేకపోతే మిషన్ ముందుకే వెళ్తుంది, వెనక్కి రాదు. చక్రాలు పాత స్కూటరువి, 10 అంగుళాల రిమ్ము. టైరుతో కలిపి అడ్డంగా 43 సెంటీమీటర్లు, అంటే ఒక చుట్టుకు 1.35 మీటర్లు. నిమిషానికి 25 చుట్లంటే 34 మీటర్లు, గంటకు 2 కిలోమీటర్లు. మెల్లగా నడిచే మనిషి అంత. గడ్డికి అంతకంటే వేగం అక్కర్లేదు. ముందు వైపు రెండు ట్రాలీ చక్రాలు, ఎటంటే అటు తిరిగేవి. స్టీరింగు లేదు. ఎడమ మోటారు ఆపి కుడిది తిప్పితే ఎడమకు మళ్లుతుంది, ఒకటి ముందుకు ఒకటి వెనక్కి తిప్పితే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది.

బ్లేడు తిప్పే ఇంజను కథ నాకు ఇష్టమైనది. మా పెదనాన్న వాళ్ల కొట్టంలో మూలపడి ఉన్న పాత పవర్ స్ప్రేయర్ నుంచి తీసింది, 35 సీసీ ఫోర్ స్ట్రోక్. ఎన్నో ఏళ్లు పత్తికి, మిరపకు మందు కొట్టిన ఇంజను. ట్యాంకు పగిలింది, పంపు పోయింది, ఇంజను మాత్రం కార్బొరేటర్ శుభ్రం చేసి కొత్త ప్లగ్గు వేస్తే నాలుగో తాడుకు అందుకుంది. మీరు తీసుకునేది ఏ కోణంలోనైనా నడిచే రకమో కాదో ముందే కనుక్కోండి, ఎందుకంటే షాఫ్టు కిందికి ఉండేలా నిలబెట్టాలి. సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉండి తీరాలి. అది ఉంటే ఇంజను నెమ్మదిగా నడుస్తున్నప్పుడు బ్లేడు తిరగదు. షాఫ్టును రెండు బేరింగుల మధ్య లేత్‌లో చేయించాం. ఫ్రేముకు పాత యాంగిల్ ఇనుము, పై కప్పుకు లారీ బాడీ రేకు 3 మిల్లీమీటర్లది, చుట్టూ వేలాడదీయడానికి లారీ టైరు ఫ్లాపు ముక్కలు. రాయి తగిలి ఎగిరినా ఫ్లాపుకు కొట్టుకుని అక్కడే పడుతుంది.

తుక్కులో ఏం కొనకూడదు

బ్లేడు, దాని బోల్టు, బేరింగులు, బ్యాటరీలు, రిమోట్. ఈ ఐదింటి దగ్గర పిసినారితనం వద్దు. పాత కమాను పట్టీ కోసి బ్లేడు చేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఆ ఉక్కును వేడి చేసి, వెల్డింగు కొట్టి, మళ్లీ చల్లార్చే పద్ధతి తెలియకుండా చేస్తే అది గాజులా పెళుసవుతుంది. మేం వాడింది బ్రష్ కట్టరుకు వచ్చే 12 అంగుళాల కంపెనీ బ్లేడు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు 80 మీటర్ల వేగంతో పోతుంది, అంటే గంటకు 285 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంలో ముక్క ఊడితే ఎక్కడ తగులుతుందో ఎవరూ చెప్పలేరు. బ్లేడు మీద గరిష్ఠ వేగం చెక్కి ఉంటుంది. మీ ఇంజను వేగం దానికి లోపే ఉండాలి.

రిమోట్ ఫ్లైస్కై వాళ్ల ఆరు ఛానళ్లది, డ్రోన్లు, బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లు వాడేది. 2.4 గిగాహెర్ట్జ్ కాబట్టి విడిగా లైసెన్సు అక్కర్లేదు. రిసీవర్ నుంచి ఒక ఆర్డునో నానో బోర్డు, అక్కడి నుంచి ఒక్కో మోటారుకు ఒక బీటీఎస్ 7960 డ్రైవరు. యాక్సిలరేటరు లాగడానికి చిన్న సర్వో మోటారు. బ్యాటరీలు 12 వోల్టులవి రెండు వరసలో కలిపి 24 వోల్టులు, 18 ఆంపియర్ అవర్లు. ఇవి చక్రాలకు మాత్రమే, కాబట్టి గంటన్నర పైగా నడుస్తాయి.

ఇప్పుడు అసలైన సంగతి, దయచేసి దీన్ని దాటేయకండి. రిమోట్ బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ తెగినా మిషన్ తనంతట తాను ఆగాలి. దానికి ఇంజను ఆఫ్ వైరును రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ పాయింటుకు కలపాలి. అంటే రిలేకు కరెంటు అందినంతసేపే ఇంజను నడుస్తుంది. సిగ్నల్ పోయినా, వైరు తెగినా, బ్యాటరీ చచ్చినా రిలే వెనక్కి పడిపోయి ఆఫ్ వైరు బాడీకి తగులుతుంది, ఇంజను ఆగిపోతుంది. తిరగేసి కలిపితే కరెంటు ఉన్నప్పుడే ఆపగలం, అది లేనప్పుడు మిషన్ మన మాట వినదు. అర సెకను పాటు సిగ్నల్ రాకపోతే అన్నీ ఆపేలా ఆర్డునోలో రాసుకున్నాం. రిమోట్‌లో కూడా ఫెయిల్‌సేఫ్ అనే సెట్టింగు ఉంటుంది, అదీ పెట్టాలి. పరీక్ష ఇలా: బ్లేడు విప్పెయ్యండి, చక్రాలు ఇటుకల మీద గాల్లోకి లేపండి, ఇంజను స్టార్టు చేసి నడుస్తుండగానే రిమోట్ ఆఫ్ చెయ్యండి. పదిసార్లు చేస్తే పదిసార్లూ ఆగాలి. వీడియోలో ఇది కట్ చేయకుండా మొత్తం పెట్టాను.

ఇంజను ప్లగ్గు నుంచి వచ్చే స్పార్కు రిసీవర్‌ను గందరగోళపెడుతుంది. అందుకే రిసీవర్‌ను ఇంజనుకు దూరంగా, ఒక మూర పీవీసీ పైపు మీద నిలబెట్టాం. ప్లగ్గు కూడా రెసిస్టర్ రకం వేశాం.

ఖర్చు లెక్క: రిమోట్, బ్యాటరీలు, డ్రైవర్లు కలిపి 11,000 దాటాయి. మోటార్లు, చక్రాలు, ఇనుము, లేత్, వెల్డింగు అన్నీ కలిపి 8,000. ఇంజను ఇంట్లోదే కాబట్టి దానికి వేయలేదు. బయట కొంటే పాతదానికి ఓ రెండు వేలు అనుకోండి.

ఎంత పని చేస్తుంది అంటే, గొప్పలు చెప్పను. బ్లేడు 30 సెంటీమీటర్లు, సాలు సాలుకు కాస్త ఒరుసుకుంటూ పోవాలి కాబట్టి లెక్క ప్రకారం గంటకు 12 సెంట్లు. మలుపులు, చెట్ల మొదళ్లు, పెట్రోలు పోయడం తీసేస్తే 8 సెంట్లు. చల్లపొద్దున రెండు గంటల చొప్పున నడిపితే ఎకరా వారం రోజుల్లో అయిపోతుంది. నడుము ఎత్తు గడ్డిని ఇది కొయ్యలేదు, జానెడు ఉన్నప్పుడే దిగాలి. వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలో దించొద్దు, స్కూటరు చక్రం కూరుకుపోతుంది. చెట్టు మొదట్లో మూరెడు దూరం కొడవలితోనే. డ్రిప్ పైపులు ముందే చెట్ల వైపు జరిపెయ్యండి.

మొదలుపెట్టే ముందు కర్రతో గడ్డి తట్టుకుంటూ ఒకసారి తోటంతా తిరుగుతాం, ఎత్తు బూట్లు వేసుకునే. కప్పలు, కౌజు పిట్టలు తప్పుకోవాలి కదా. మిషన్ మనిషిని కాపాడుతుంది, వాటిని కాపాడదు. పిల్లలు, కుక్కలు ఉంటే అసలు స్టార్టు చెయ్యం.

కోసిన గడ్డి బయటికి ఎత్తం. పాలేకర్ గారు చెప్పే ఆచ్ఛాదన అదే, పడ్డచోటే పరుపులా ఉంటుంది, దాని మీదే ద్రవజీవామృతం చల్లుతాం. నేలకు మూడు అంగుళాలు వదిలి కోస్తాం. అంతకంటే కిందికి దించితే మట్టి లేస్తుంది, బ్లేడూ పోతుంది. వయ్యారిభామను పూత రాకముందే కొయ్యాలి. అన్ని సాళ్లూ ఒకేసారి కొయ్యం, ఒక సాలు కోసి ఒక సాలు వదిలి, పది రోజుల తర్వాత రెండోది. మిత్రపురుగులకు కాస్త నీడ ఉండాలని. గరిక, తుంగ మళ్లీ వస్తాయి, వాటికి వేరు ఉంది. మనకు కావలసింది గడ్డి లేకపోవడం కాదు, చెట్టును మించకపోవడం.

ఇప్పుడు రిమోట్ ఎక్కువగా నాన్న చేతిలోనే ఉంటుంది. గట్టు మీద కుర్చీ వేసుకుని కొబ్బరి చెట్టు నీడలో కూర్చుని నడుపుతాడు. మొదట్లో కుడి, ఎడమ తారుమారయ్యేవి, ఎందుకంటే మిషన్ మన వైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ. రెండు రోజుల్లో అలవాటైంది. మందు కొడదామన్న మాట మళ్లీ రాలేదు. ఆయనకు ఒకటే ఫిర్యాదు, ఇది నెమ్మదిగా పోతుందట, 16 పళ్ల ఫ్రీవీలు తీసేసి 22ది వేయించమంటున్నాడు. ఉన్నదే 22 నాన్నా అంటే నమ్మడం లేదు.

వైరింగు బొమ్మ, ఆర్డునో ప్రోగ్రాము వీడియో కింద పెట్టాను. లేత్‌లో చేయించిన షాఫ్టు కొలతలు వచ్చే వారం పెడతాను.