కొబ్బరి మానుకి ఏ రంపం?

కొబ్బరి చెట్టు కొట్టించడం కోనసీమలో ఎవరికీ ఇష్టమైన పని కాదు. అయినా తప్పదు. మొదలు దగ్గర ఎర్రటి జిగురు కారుతూ గానోడెర్మా తెగులు పట్టిన చెట్టుని దయతలచి ఉంచితే, ఆ బూజు మట్టిలోంచి పక్క చెట్ల వేళ్లకి పాకుతుంది. గాలివానకి పడ్డ మానుని అలాగే వదిలేస్తే, కుళ్లిన దుంగలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి తోటలకి తోటలే పడిపోయాక, గొడ్డళ్లతో మాన్లు నరికి దారి చేసుకోవడానికి మా పెద్దవాళ్లు పడ్డ అవస్థ నేను చూశాను. అందుకే రంపం మిషన్ మీద నాకు గౌరవం.

అమలాపురంలో నా షాపుకి ఆయిలింజన్లు, స్ప్రేయర్లతో పాటు ఇప్పుడు ఈ మిషన్లూ వస్తున్నాయి. కటింగ్ పనులు ఒప్పుకునే కుర్రాళ్లు అడిగేది ఒకటే. “స్టిల్ కొనమంటారా అండీ, హుస్క్‌వర్నా కొనమంటారా?”

స్టిల్ 1926లో మొదలైన జర్మనీ కంపెనీ. హుస్క్‌వర్నా స్వీడన్‌ది. 1689లో తుపాకుల కార్ఖానాగా పుట్టి, 1959లో చైన్ రంపాల్లోకి వచ్చింది. రోజూ కోతే బతుకుతెరువైనవాళ్ల కోసం చేసిన మధ్య సైజు మిషన్లలో వీటి పోటీ స్టిల్ ఎంఎస్ 261కీ, హుస్క్‌వర్నా 550 ఎక్స్‌పీ మార్క్ 2కీ మధ్య. రెండూ 50 సీసీయే, రెండిటి బలమూ సుమారు 3 కిలోవాట్లే. చైను చుట్టూ తిరిగే బారూ, ఆ చైనూ లేకుండా తూస్తే స్టిల్ 4.9 కిలోలు, హుస్క్‌వర్నా 5.3. కొమ్మలు నరుకుతూ రోజంతా తిరిగేవాడికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది. కొబ్బరికి కొమ్మలెక్కడివి? మొదట్లో ఒక కోత, పడ్డాక ముక్కలు. 18 అంగుళాల బారు మన మాన్లకి సరిపోతుంది. కాలవ గట్ల మీది నిద్రగన్నేరు మాన్లు కొట్టేవాళ్లయితే 70 సీసీకి వెళ్లాలిగానీ, కొబ్బరికి అంత బరువు మోయడం దండగ.

ఏది కొన్నా అసలు పరీక్ష చైనుకే. మామిడికైనా టేకుకైనా చేవ నడిమధ్యన ఉంటుంది. కొబ్బరికి చేవంతా బయటే, లోపలికి పోయేకొద్దీ మెత్తన. పైగా దాని కర్రలో ఉండే సిలికా చైను పళ్ల అంచుని తినేస్తుంది. పదునున్న చైను పొట్టుని పెచ్చులు పెచ్చులుగా విసురుతుంది. మొద్దుబారితే పిండి రాలుతుంది, బారు దగ్గర పొగ లేస్తుంది, మనిషి తన బరువంతా మిషన్ మీద మోపుతాడు. ఇంజను బలం చాల్లేదంటూ నా దగ్గరికి తెచ్చే మిషన్లలో చాలావాటికి ఇంజను బాగానే ఉంటుంది, అరిగింది పళ్లే.

పన్ను మూల పదునుగా చెక్కిన ఫుల్ చిజెల్ చైను శుభ్రమైన కర్రలో వేగంగా కోస్తుంది. మన కొబ్బరికీ, ఇసుక నేలకీ మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ మేలు, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ రెండు మిషన్ల చైన్లకీ 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయే. ఎన్ని తోపులు ఎడమ పళ్లకి తోస్తే అన్నే కుడి పళ్లకీ తోయాలి. ఒక పక్క పళ్లు పొట్టిగా అరిగాయంటే కోత వంకర పోతుంది, బారు ఇరుక్కుంటుంది.

ఇక పెట్రోలు. ఎంపికని నిజంగా తేల్చేది ఇదేనని నా నమ్మకం. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 10 శాతం మించిన పెట్రోలు వాడొద్దని హుస్క్‌వర్నా మాన్యువల్లో స్పష్టంగా ఉంది. స్టిల్‌లో కూడా స్క్రూలతో సర్దే మామూలు కార్బురేటర్‌కి 10 దాటితే ఇబ్బందే. ఎం-ట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ కార్బురేటర్ ఉన్న రకానికి మాత్రం 27 శాతం దాకా పరవాలేదని ఆ కంపెనీయే రాసింది. కాబట్టి కోనసీమలో కొనేవాళ్లకి నేను చెప్పేది ఎంఎస్ 261లో ఎం-ట్రానిక్ రకం. హుస్క్‌వర్నా తక్కువదని కాదు, మన బంకు పెట్రోలుకి కుదరదని.

దీనికో షరతుంది. ఎం-ట్రానిక్‌లో, హుస్క్‌వర్నాలో అలాంటిదే అయిన ఆటోట్యూన్‌లో కూడా, మాలాంటివాళ్లం స్క్రూడ్రైవరుతో తిప్పేందుకు ఏమీ ఉండదు. తేడా వస్తే కంపెనీ పరికరం తగిలించి చూడాలి. డబ్బు కట్టేముందే ఆ పరికరం ఉన్న సర్వీసు సెంటరు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి. రాజోలు నుంచి ప్రతిసారీ రాజమండ్రి పోవాల్సివస్తే రోజు కూలీ పోయినట్టే.

లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, కంపెనీదే, కొలిచి పోయండి. ఇథనాల్ చెమ్మ పీలుస్తుంది, మన వాతావరణంలో చెమ్మకి కొదవేం లేదు. వారాల తరబడి పని లేనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టండి. చైనుకి వాడేసిన ఇంజనాయిల్ పోయొద్దు. అందులోని మురికికి ఆయిల్ పంపూ బారూ రెండూ అరిగిపోతాయి.

దయచేసి లుంగీతో ఈ మిషన్ పట్టొద్దు. బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి ఎదురు తన్నుతుంది. ఆ క్షణంలో కాపాడేది చైను బ్రేకు, ముందు పిడిని బొటనవేలు చుట్టి గట్టిగా పట్టుకున్న ఎడమ చెయ్యి. ఇళ్ల మధ్య చెట్టెక్కి ముక్కలుగా కోసే పనికి ఈ రెండు మిషన్లూ తగవు. దానికి పైన పిడి ఉన్న చిన్న మిషన్లు వేరే ఉన్నాయి, అవీ నేర్చినవాళ్ల చేతుల్లోనే ఉండాలి.

తెగులు చెట్టు మొదలుని వేళ్లతో సహా తీసి కాల్చాలి. అక్కడ మాత్రం రంపం దించకండి. వేళ్ల చుట్టూ ఉన్న ఇసుకలో కొత్త చైను కూడా నిమిషాల్లో పాడవుతుంది. ఆ పని పొక్లెయిన్‌కి అప్పజెప్పండి.