ప్రతి సమ్మర్‌కీ గ్యాస్ కొట్టిస్తున్నారా? అయితే లీకు మీ జేబుకే!

కారు ఏసీ చల్లగా రాకపోతే అందరూ చెప్పే మాట ఒక్కటే... ‘గ్యాస్ అయిపోయింది’. నిజానికి ఏసీలో గ్యాస్ ‘అయిపోయే’ వస్తువే కాదు. మరి చల్లదనం ఎందుకు తగ్గుతుంది? షాపుకి వెళ్లేముందు మనమే ఏమేం చూసుకోవచ్చు? వెళ్లాక ఏం అడగాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఇప్పుడు ఇళ్లల్లో రోళ్లు ఎక్కడున్నాయి గానీ, కార్ల ఏసీలు మాత్రం సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి. మే నెలలో హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఏ కారు ఏసీ షాపు ముందు చూసినా బండ్ల క్యూ. బానెట్ ఎత్తుతారు, రెండు గొట్టాలు తగిలిస్తారు, మీటరు చూస్తారు. ‘గ్యాస్ తక్కువుంది సార్, కొట్టేద్దామా?’ అంటారు. మనం సరేనంటాం. అరగంటలో చల్లగాలి. డబ్బులు పోయినా హ్యాపీ. వచ్చే ఏడాది మళ్లీ అదే షాపు, అదే డైలాగ్!

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. సర్వర్ పదేపదే పడిపోతుంటే రీస్టార్ట్ చేసి వదిలేస్తే మా ఆఫీసులో ఊరుకోరు. లాగ్స్ తీసి, అసలు బగ్ ఎక్కడుందో చూడమంటారు. లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టించడం కూడా అలాంటి రీస్టార్టే. కొన్నాళ్లు పనిచేస్తుంది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

గ్యాస్ అంటే పెట్రోల్ కాదు

చేతిమీద శానిటైజర్ వేసుకుంటే చల్లగా అనిపిస్తుంది కదా. అది ఆవిరైపోతూ చేతిలోని వేడిని తీసుకెళ్తుంది. ఏసీ చేసేదీ అదే. తేడా ఏంటంటే, ఆవిరైనదాన్ని గాల్లోకి వదలకుండా పట్టుకుని, మళ్లీ ద్రవంగా మార్చి వాడుకుంటుంది.

మన కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఆర్-134ఏ. మామూలు గాలి ఒత్తిడిలో ఇది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనకుండే కూలింగ్ కాయిల్‌లో ఇది ఆవిరవుతూ క్యాబిన్ వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ఒత్తిడి పెంచుతుంది. సైకిల్ పంపు కొడితే గొట్టం వేడెక్కినట్టే, ఇక్కడా గ్యాస్ బాగా వేడెక్కుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి వదిలేసి, గ్యాస్‌ని ద్రవంగా మారుస్తుంది. తేమని పీల్చే డ్రయర్, సన్నటి దారిలో ద్రవాన్ని వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి మళ్లీ కూలింగ్ కాయిల్‌లోకి. రోజంతా ఇదే తిరుగుడు.

ఈ చక్రంలో గ్యాస్ ఎక్కడా ఖర్చవదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో ఉండేది అరకిలోకి అటూఇటూ. రబ్బరు గొట్టాలు, సీళ్ల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం సహజమే. ఐదారేళ్ల బండికి ఒకసారి గ్యాస్ పెట్టించాల్సి వచ్చిందంటే అర్థముంది. ప్రతి ఏడాదీ పెట్టిస్తున్నారంటే మాత్రం ఎక్కడో చిల్లు ఉన్నట్టే.

మా టీమ్‌లో ఒకతను సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. రెండు ఎండాకాలాల్లో మూడుసార్లు గ్యాస్ కొట్టించాడు. మూడుసార్లూ వేర్వేరు షాపులు. లీకు వెతుకుదామని ఒక్కరూ అనలేదు, ఇతనూ అడగలేదు. నాలుగో చోట ఓ పెద్దాయన టార్చి పట్టుకుని కండెన్సర్ కింది అంచున జిడ్డు మరక చూపించాడు. ఏసీ గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంటుంది. గ్యాస్ బయటికొచ్చే చోట ఆ ఆయిల్ కొంచెం అంటుకుని, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. అదే ఆనవాలు. కండెన్సర్ మార్చారు. ఖర్చు గట్టిగానే అయింది గానీ, ఆ తర్వాత రెండు ఎండాకాలాలు గ్యాస్ జోలికే పోలేదు.

పది నిమిషాల టెస్ట్

వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. బండిని ఆరుబయట నీడలో పెట్టండి. ఏసీ ఫుల్, గాలి లోపలే తిరిగే రీసర్క్యులేషన్ మోడ్, తలుపులు మూసి పది నిమిషాలు ఉంచండి. మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టండి. బయట 35 డిగ్రీలున్న రోజు వెంట్‌లో సుమారు 10 డిగ్రీలకి అటూఇటూగా వస్తే ఏసీ బాగానే ఉందనుకోవచ్చు. 18, 20 దాటితే చూపించుకోవాలి.

ఆ నంబర్‌ని, ఆ రోజు బయటి ఎండని ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఇదే టెస్ట్ చేస్తే, కూలింగ్ నిజంగా తగ్గిందా, ఎండ ఎక్కువై అలా అనిపిస్తోందా అన్నది తేలిపోతుంది.

లక్షణాన్ని బట్టి రోగం

గాలి చల్లగానే ఉంది, కానీ తక్కువొస్తోంది: ముందుగా అనుమానించాల్సింది క్యాబిన్ ఫిల్టర్‌ని. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మనమే తీసి చూడొచ్చు. దుమ్ముతో నల్లగా మందంగా కనిపిస్తే మార్చేయండి. దీనికీ గ్యాస్‌కీ సంబంధమే లేదు.

బండి కదులుతుంటే చల్లన, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి: బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో దూరం నుంచే చూడండి. తిరుగుతుంటే కండెన్సర్ రెక్కల్లో మట్టి, పురుగులు ఇరుక్కున్నాయేమో చూడాలి. తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఆ పల్చటి రెక్కలు వంగిపోతాయి.

బ్లోవర్ ఫుల్ స్పీడ్‌లోనే పనిచేస్తోంది: స్పీడ్ తగ్గించే నాబ్ ఉన్న కార్లలో బ్లోవర్ రెసిస్టర్ పోతే ఇలాగే అవుతుంది. చిన్న పార్టే.

గాలి వస్తోంది, చల్లదనం బొత్తిగా లేదు: ఏసీ బటన్ నొక్కగానే చాలా కార్లలో ‘టక్’మని కంప్రెసర్ క్లచ్ శబ్దం వినిపిస్తుంది. అది లేకపోతే ఫ్యూజ్, రిలే, క్లచ్, ప్రెషర్ స్విచ్... వీటిలో ఏదైనా కావచ్చు. గ్యాస్ బాగా తగ్గినా కంప్రెసర్ పాడవకుండా ఆ స్విచ్ దాన్ని ఆన్ కానివ్వదు. కొన్ని కొత్త కార్లలో క్లచ్ లేని కంప్రెసర్లు వస్తున్నాయి కాబట్టి, శబ్దం లేనంత మాత్రాన పోయిందనుకోవద్దు.

గంట ప్రయాణం తర్వాత గాలి తగ్గిపోతోంది, కాసేపు ఆపితే మళ్లీ బాగుంటోంది: కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. అక్కడి ఉష్ణోగ్రత చూసే సెన్సర్‌ని చెక్ చేయించండి.

ముందు ఎడమ సీటు కింద నీళ్లు: కూలింగ్ కాయిల్ మీద పట్టిన తేమ బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. కారు కింద నీళ్లు కారితే మాత్రం భయపడక్కర్లేదు, అవి అలా కారాల్సిందే. లోపల తీపి వాసనతో జిడ్డు తడి కనిపిస్తే అది కూలెంట్, వెంటనే చూపించాలి.

తడి సాక్సుల వాసన: కూలింగ్ కాయిల్ తడి మీద బూజు పట్టింది. ఫిల్టర్ మార్చి, కాయిల్ క్లీన్ చేయించాలి. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి, ఉత్త బ్లోవర్ తిప్పితే కాయిల్ కొంత ఆరుతుంది, వాసన త్వరగా రాదు.

మీటరు చూపించి భయపెడితే?

షాపులో తగిలించే రెండు మీటర్లలో నీలం లో ప్రెషర్‌కి, ఎరుపు హై ప్రెషర్‌కి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చూపించే రీడింగ్‌ని నమ్మి గ్యాస్ ఎంతుందో చెప్పలేం. బయట 30 డిగ్రీలుంటే, లోపల కొంచెం ద్రవం మిగిలున్నా సరే, మీటరు 95-100 పీఎస్ఐ చూపిస్తుంది. గ్యాస్ సగమున్నా అంతే, నిండా ఉన్నా అంతే. వంటగ్యాస్ సిలిండర్ ఖాళీ కావచ్చేదాకా పొయ్యి మామూలుగానే మండినట్టన్నమాట.

ఏసీ నడుస్తున్నప్పుడు చూడాలి. రెండు వైపులా తక్కువుంటే గ్యాస్ తక్కువని అనుమానించవచ్చు. రెండూ ఎక్కువుంటే కండెన్సర్ చల్లబడట్లేదు, లేదా గ్యాస్ ఎక్కువైంది. లో ఎక్కువ, హై తక్కువ ఉంటే కంప్రెసర్ బలహీనపడింది. లో మరీ పడిపోతుంటే దారిలో ఎక్కడో అడ్డుంది. ఇందులో ఒక్క మొదటిదానికే గ్యాస్ మందు. అదీ లీకు మూశాకే.

సరైన సర్వీస్ ఎలా ఉండాలి?

మంచి షాపులో ముందు పాత గ్యాస్‌ని మెషిన్‌తో బయటికి లాగి, ఎంత వచ్చిందో తూకం చూస్తారు. 450 గ్రాములుండాల్సిన చోట 430 వస్తే, గ్యాస్ తక్కువన్న అనుమానం అక్కడితో సరి. బాగా తక్కువొస్తే పొడి నైట్రోజన్ నింపి ప్రెషర్ పడిపోతోందా చూస్తారు. సబ్బు నురగ, లీక్ డిటెక్టర్, యూవీ లైటుకి మెరిసే రంగు... వీటితో చిల్లు పట్టుకుంటారు. చాలాసార్లు దొరికేది అరిగిపోయిన ఓ-రింగో, రాయి తగిలిన కండెన్సరో.

రిపేర్ అయ్యాక వాక్యూమ్ చేయడం ముఖ్యం. కనీసం అరగంటైనా పంపు నడవాలి. ఒత్తిడి బాగా తగ్గితే లోపలున్న తేమ మామూలు ఉష్ణోగ్రతకే ఆవిరై బయటికొస్తుంది. ఆ తేమ మిగిలిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది, ఆయిల్‌తో కలిసి లోపలి భాగాల్ని తినేస్తుంది. పంపు ఆపాక కాసేపు ఆగి, వాక్యూమ్ నిలబడిందో లేదో కూడా చూడాలి.

చివరగా గ్యాస్‌ని గ్రాముల్లో తూచి పెట్టాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. వెళ్లేముందే దాన్ని ఫొటో తీసుకోండి. ‘ఇంకొంచెం ఎక్కువ కొడితే ఇంకా చల్లగా వస్తుంది’ అంటే నమ్మొద్దు. ఎక్కువైతే కూలింగ్ తగ్గి, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది.

కౌంటర్ దగ్గర మీరు అడగాల్సినవి ఐదే: పాత గ్యాస్ ఎన్ని గ్రాములొచ్చింది? లీకు ఎక్కడ? వాక్యూమ్ ఎంతసేపు చేశారు? కొత్తగా ఎన్ని గ్రాములు పెట్టారు? బిల్లు మీద గ్యాస్ పేరు రాస్తారా?

చవక గ్యాస్ డేంజర్

ఆ ఐదో ప్రశ్న ఊరికే పెట్టలేదు. మార్కెట్లో నకిలీ గ్యాస్ ఉంది. కొన్నిట్లో వంటగ్యాస్ లాంటి మండే వాయువులు కలుపుతారు. చల్లగానే వస్తుంది, కానీ దానికోసం తయారుకాని బండిలో లీకైతే మంటలు రావచ్చు. ఇంకొన్నిట్లో మిథైల్ క్లోరైడ్ ఉంటుంది. అది అల్యూమినియంతో కలిస్తే పేలే స్వభావమున్న పదార్థాలు పుడతాయి. 2011లో ఓడల్లో సరుకు తరలించే రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లు ఇలాంటి కల్తీ గ్యాస్ వల్లే పేలి మనుషుల ప్రాణాలు పోయాయి.

పాత గ్యాస్‌ని గాల్లోకి వదిలేసే షాపులకీ దూరంగా ఉండండి. కిలో ఆర్-134ఏ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే అరకిలో వదిలితే చిన్న కారు దాదాపు ఆరు వేల కిలోమీటర్లు తిరిగినంత! అందుకే ఇలాంటి వాయువుల్ని తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2021లో మన దేశమూ ఆమోదించింది. కొన్ని కొత్త మోడళ్లలో ఆర్-1234వైఎఫ్ అనే గ్యాస్ వస్తోంది. దాని ఖరీదు చాలా ఎక్కువ, ఆర్-134ఏతో కలపకూడదు. స్టిక్కర్ చూడమనేది ఇందుకు కూడా.

ఎలక్ట్రిక్ కారుంటే ఇంకాస్త జాగ్రత్త. కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, దానికి కరెంటుని అడ్డుకునే ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఇదే ఏసీ. రోడ్డు పక్కన ప్రయోగాలు చేయించొద్దు.

ప్రాణాల మీదికి తెచ్చుకోకండి

మూసిన గ్యారేజీలో ఇంజిన్, ఏసీ ఆన్ చేసి కారులో నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. మెలకువ వచ్చే అవకాశమే ఇవ్వదు. ఐదు నిమిషాల పనే కదా అని పిల్లల్ని లోపల ఉంచి లాక్ చేసి వెళ్లొద్దు, ఏసీ ఆన్‌లో ఉన్నా సరే.

ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దించి, రెండు నిమిషాలు వేడిగాలి పోనిచ్చాక రీసర్క్యులేషన్ పెట్టండి. నలుగురితో హైదరాబాద్ నుంచి విజయవాడ పోతుంటే మాత్రం అప్పుడప్పుడూ బయటి గాలి రానివ్వండి. గంటలకొద్దీ అదే గాలి తిరిగితే అందరూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని డ్రైవర్‌కి మగత వస్తుంది.

చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. ఆయిల్ తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి. థర్మామీటర్ టెస్ట్ ఫిబ్రవరిలోనే చేసేయండి. తేడా కనిపిస్తే అప్పుడే వెళ్లండి. షాపులో రద్దీ ఉండదు, లీకు వెతికేంత తీరిక మెకానిక్‌కి ఉంటుంది, పక్కన నిలబడి చూసే ఓపిక మనకీ ఉంటుంది.