నల్లని జడలో తేనెరంగు పాయలు

పెళ్లిపందిట్లోనో పేరంటంలోనో ఎవరి జడలోనైనా తేనెరంగు పాయలు మెరుస్తుంటే, "మనమూ చేయించుకుంటే!" అనిపించడం సహజమే. దీన్నే బాలయాజ్ అంటారు. ఫ్రెంచి భాషలో ఊడ్చడం అని అర్థం. 1970 దశకంలో పారిస్‌లో వ్యాప్తికి వచ్చింది. కుంచెతో పాయపాయకూ చేత్తో పూస్తారు. కుదుళ్ల వైపు పల్చగా, చివర్లకు చిక్కగా అన్నమాట.

మన నల్ల జుట్టుమీద లేతరంగు ఊరికే పట్టదు. ముందు పెరాక్సైడ్ కలిపిన బ్లీచ్‌తో లోపలి నలుపు తీయాలి. అప్పుడు నారింజ ఛాయ బయటపడుతుంది. దాన్ని అణచడానికి టోనర్ వేస్తారు. ఇందులో వెంట్రుక కొంత బలహీనపడక తప్పదు. అందుకే పార్లర్ ఎంపికలో తొందర కూడదు.

వారం ముందే వెళ్లి మాట్లాడండి. నల్ల జుట్టుకు వాళ్లు చేసిన పని ఫోటోలు చూపించమనండి. "గోరింటాకు పెడతారా? లోగడ రంగు వేశారా?" అని వాళ్లే మిమ్మల్ని అడగాలి. అడగలేదూ, లేచి రావడం మేలు. ఎందుకంటే బజారులో దొరికే కొన్ని హెన్నా పొడుల్లో లోహ లవణాలుంటాయి. వాటిమీద బ్లీచ్ పడితే వేడెక్కి జుట్టు తెగిపోవచ్చు. కనుక మీరూ దాచకుండా చెప్పండి. ముందు లోపలి పాయ ఒకదానిమీద పరీక్ష చేయించండి. రంగు ఒంటికి పడుతుందో లేదో 48 గంటల ముందే చెవి వెనక కాస్త రాయించుకోండి. దురదో, వాపో వస్తే ఆ ఆలోచనే మానుకోవాలి. "ఒక్కపూటలో బంగారంలా చేసేస్తాం" అనేవారిని నమ్మకండి. బాగా లేతరంగు కావాలంటే రెండు మూడు విడతలు పడుతుంది. టోనర్‌తో సహా ఖర్చెంతో ముందే తేల్చుకోండి.

ఇక సంరక్షణ. మొదటి రెండు మూడు రోజులు తలంటుకోవద్దు. ఆ తర్వాత సల్ఫేట్ లేని షాంపూతో, గోరువెచ్చని నీళ్లతో వారానికి రెండుసార్లు చాలు. బోరునీళ్లలో లవణాలు రంగును మందగింపజేస్తాయి, ఆఖరు చెంబైనా మంచినీళ్లు పోసుకోండి. తలంటుకు ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కాపాడుతుంది. పసుపు ఛాయ తేలితే ఊదారంగు షాంపూ, నారింజ తేలితే నీలం షాంపూ వాడాలి. ఎండలో కొంగు కప్పుకోండి.

టోనర్ ఆరెనిమిది వారాల్లో వెలుస్తుంది, దాన్ని మళ్లీ వేయించుకోవచ్చు. కుదుళ్ల దగ్గర గీత గీసినట్లుండదు కనుక బ్లీచ్ మూడు నాలుగు నెలలదాకా అక్కరలేదు.

రంగు వెలిస్తే మళ్లీ వేసుకోవచ్చు. తెగిన జుట్టు మాత్రం నెలకు అరంగుళం చొప్పునే కదా పెరిగేది! కనుక అడగవలసినవి అడగడానికి మొహమాటపడకండి. సెలవు.