మెలనోమా కణాన్ని వెలుగుతో గుర్తించే యాంటీబాడీ.. ఎలా పనిచేస్తుంది?

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల్లో పుట్టే క్యాన్సరే మెలనోమా. ఇతర చర్మ క్యాన్సర్ల కంటే అరుదైనా, శరీరంలోని ఇతర అవయవాలకు వ్యాపించే స్వభావం వల్ల ఇది ప్రాణాంతకంగా మారుతుంది. ముదురు రంగు చర్మం గలవారిలో ఇది తరచూ అరికాలిలోనో, గోటి కిందనో కనిపిస్తుంది. మామూలు మచ్చగా భావించడంతో గుర్తింపు ఆలస్యమవుతుంది. ఇలా వ్యాపించిన కొద్దిపాటి కణాలను వేలాది ఇతర కణాల మధ్య గుర్తించేందుకు పరిశోధకులు ఫ్లోరోసెంట్ రంగు జోడించిన యాంటీబాడీలను ఉపయోగిస్తారు.

రంగు పదార్థాన్ని యాంటీబాడీకి జోడించే విధానాన్ని అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్ బృందం 1941లో వెల్లడించింది. ఒకే లక్ష్యానికి అతుక్కునే మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీని 1975లో కోలర్, మిల్‌స్టీన్ సాధ్యం చేశారు. 1984 నోబెల్ బహుమతి అందుకున్నవారిలో వీరిద్దరూ ఉన్నారు.

మెలనోమా పరిశోధనలో హెచ్ఎంబీ-45 అనే యాంటీబాడీ ప్రసిద్ధమైనది. మెలనిన్ తయారయ్యే సూక్ష్మ సంచుల్లోని జీపీ100 అనే ప్రొటీన్‌కు ఇది అతుక్కుంటుంది. ఈ ప్రొటీన్ ప్రధానంగా కణం లోపల ఉంటుంది కాబట్టి, ముందుగా కణపు పొరను రసాయనాలతో సడలించి యాంటీబాడీకి దారి ఇవ్వాలి. తర్వాత సుమారు 490 నానోమీటర్ల నీలి కాంతిని ప్రసరింపజేస్తే, ఫ్లోరెసీన్ రంగు జోడించిన యాంటీబాడీ దాదాపు 520 నానోమీటర్ల వద్ద ఆకుపచ్చగా వెలుగుతుంది.

మరో సౌలభ్యమూ ఉంది. ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఎంజైమ్ పద్ధతిలో గోధుమ రంగు ఏర్పడుతుంది. మెలనిన్ కూడా గోధుమ రంగే కావడంతో రెండింటినీ వేరుచేయడం కష్టం. ఆకుపచ్చ వెలుగుతో ఆ తికమక తగ్గుతుంది.

అయితే వెలుగు కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని నిర్ధారించలేరు. అది ప్రొటీన్ ఉనికిని మాత్రమే తెలుపుతుంది. హాని లేని కొన్ని పుట్టుమచ్చల కణాలు, మూత్రపిండాల్లో వచ్చే యాంజియోమయోలైపోమా అనే గడ్డ కూడా హెచ్ఎంబీ-45కు స్పందిస్తాయి. మరోవైపు డెస్మోప్లాస్టిక్ రకం మెలనోమా తరచూ స్పందించదు. అందుకే మెలాన్-ఏ, ఎస్100, సాక్స్10 వంటి ఇతర సూచికలనూ కలిపి పరిశీలిస్తారు.

ఫలితాన్ని నమ్మాలంటే పోలిక తప్పనిసరి. జీపీ100 ఉన్నట్లు ముందే తెలిసిన మెలనోమా కణాలు వెలగాలి, ఆ ప్రొటీన్ లేని కణాలు వెలగకూడదు. అదే తరగతికి చెందిన, ఏ లక్ష్యమూ లేని మరో యాంటీబాడీతోనూ పరీక్షించాలి. కణజాలం సహజంగానే కొంత వెలుగుతుంది కాబట్టి, రంగు కలపని నమూనానూ చూడాలి. కాంతి తగిలితే రంగు వెలిసిపోతుంది. కనుక ఈ యాంటీబాడీని చీకట్లో భద్రపరచాలి.

కేవలం పరిశోధన కోసమని ముద్రించి విక్రయించే యాంటీబాడీలను రోగ నిర్ధారణకు వాడకూడదు. మచ్చ ఆకారంలోనో, రంగులోనో మార్పు కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. బయాప్సీ నమూనాను పాథాలజిస్టు పరిశీలించిన తర్వాతే వ్యాధి నిర్ధారణ జరుగుతుంది.